ఉక్కు వాంగ్మూలం

భీమిలి దాటిన తర్వాత సముద్రపు ఒడ్డున జాతీయ న్యూట్రాన్ కేంద్రం ఉంది. గేటు దగ్గర కాపలా మనిషి జైబున్ చేతిలోని మూటను అనుమానంగా చూశాడు. పాత దుప్పటిలో చుట్టిన పదకొండు కిలోల బరువు అది.

"ఏటమ్మా ఇది?"

"కమాను కట్టలో పట్టీ అండీ. బస్సు కింద ఉంటది చూడండి, అది. విరిగిపోయింది."

"ఇరిగిపోయిందాన్ని ఈడికెందుకు తెచ్చినావు? ఇక్కడ రిపేర్లు సెయ్యరు."

"రిపేరుకి కాదు. ఎందుకు విరిగిందో అడగటానికి తెచ్చాం."

ఆమె చూపించిన ఉత్తరాన్ని అతను రెండుసార్లు చదివాడు. విజయవాడ ఆటోనగర్‌లోని మీరా స్ప్రింగ్ వర్క్స్‌కి కేంద్రంలో మూడు రోజుల సమయం ఉచితంగా కేటాయించామని అందులో ఉంది. ఉత్తరం తిరిగి ఇచ్చేసి, జైబున్ వెనకాల నిలబడ్డ ముసలాయన్ని చూసి కుర్చీ జరిపాడు. "కూకో తాతా, బండొస్తాది."

ఆ ముసలాయన జైబున్ తండ్రి, నూర్‌బాషా నాగుల్ మీరా. వయసు డెబ్భై ఒకటి. అందులో యాభై ఏళ్ళు ఆటోనగర్‌లో కొలిమి ముందు నిలబడ్డ మనిషి. లారీలకీ బస్సులకీ కమాను పట్టీలు కాల్చి, నూనెలో ముంచి, గట్టిదనం వచ్చేలా పదును పెట్టడంలో ఆయనకు సాటి లేరనేవారు. కాలుతున్న ఉక్కు రంగు చూసి వేడి ఎంతో చెప్పేవాడు.

మూడేళ్ళ కిందట మాచర్ల నుంచి శ్రీశైలం వెళ్తున్న ప్రైవేటు బస్సు ఒకటి నల్లమల ఘాట్‌లో ఉదయం పూట లోయలో పడింది. డ్రైవరు ఏసుపాదంతో కలిపి తొమ్మిది మంది చనిపోయారు. వెనక కమాను పట్టీ విరిగి ఉంది. దాని మీద మీరా వర్క్స్ ముద్ర ఉంది. పట్టీ ముందు విరిగి బస్సు పడిందో, బస్సు పడ్డాక పట్టీ విరిగిందో ఎవరూ తేల్చలేకపోయారు. వేగం కావచ్చు, బరువు కావచ్చు, పట్టీ నాణ్యత కావచ్చు, కచ్చితంగా చెప్పలేమని విచారణ నివేదిక ముగిసింది. పట్టీని షెడ్డుకి తిరిగి ఇచ్చేశారు.

ఏ సంగతీ తేలకపోవడంతో ఎవరికి తోచింది వాళ్ళు ఖాయం చేసుకున్నారు. ఏసుపాదం ఊళ్ళో అతను బండిని తోలిన తోలుడికే అంతమంది పోయారన్నారు. ఆటోనగర్‌లో మీరా పట్టీ అన్నారు. నలభై మంది పనిచేసే షెడ్డులో ఆరుగురు మిగిలారు. మీరా కొలిమి దగ్గరికి వెళ్ళడం మానేశాడు. ఎవరైనా ఆ మాటెత్తితే మాత్రం, "నా బట్టీ తప్పు చెయ్యదు," అని లేచి వెళ్ళిపోయేవాడు.

అప్పుడే ఈ కేంద్రం గురించి జైబున్ విన్నది. యంత్రం నడిచే సమయంలో ఐదో వంతు పరిశ్రమల కోసం ఉంచుతారనీ, చిన్న షెడ్డు వాళ్ళైనా అడగొచ్చనీ ఎవరో చెప్పారు. తెలుగులోనే మూడు పేజీలు రాసి పంపింది. జవాబు వస్తుందని ఆమె అనుకోలేదు.

* * *

వాళ్ళ పని చూడాల్సిన శాస్త్రవేత్త పేరు డాక్టర్ గేదెల సత్యవేణి. శ్రీకాకుళం ఆవిడ. పదమూడేళ్ళు కష్టపడి ఆవిడ కనిపెట్టిన పద్ధతికి కాగితాల మీద ఏదో పొడవైన పేరుంది గానీ, కేంద్రంలో అందరూ 'వెనుచూపు' అనే అంటారు.

"మీ దగ్గర ఉక్కుది ఏదైనా ఉంటే ఇవ్వండి. పోయినా ఫరవాలేనిది," అంది సత్యవేణి.

జైబున్ తాళాల గుత్తిలోంచి ఒక పాత తాళంచెవి తీసి ఇచ్చింది. సత్యవేణి దాన్ని గాజు పెట్టెలో బిగించి, తలుపు మూసి, బయట తెర ముందు కూర్చుంది. ఉక్కును కూడా దూసుకుపోగల న్యూట్రాన్లనే సూక్ష్మకణాల ధార దాని గుండా ప్రవహించడం మొదలైంది. ఇరవై నిమిషాలకు తెర మీద మెలికలు తిరిగిన గీత వచ్చింది.

"ఇది చాలా ఏళ్ళు రోజుకి రెండుసార్లు తిరిగింది. దానికి ముందు ఒకసారి వంగిపోయింది, ఎవరో దాన్ని ఎర్రగా కాల్చి సాపు చేశారు. సుత్తితో నాలుగు దెబ్బలు. నాలుగోది కొంచెం గట్టిగా పడింది."

జైబున్ తండ్రి వైపు తిరిగింది. మీరా నోరు తెరిచి చూస్తున్నాడు. "పెద్ద షెడ్డు తాళంచెవి. నువ్వు బళ్ళో చదివే రోజుల్లో వంగిపోతే నేనే కొట్టా. నాలుగో దెబ్బకి వేలు కూడా నలిగింది."

"ఉక్కు తను పడ్డ ప్రతి దెబ్బనీ, ప్రతి వేడినీ లోపలి కణాల అమరికలో దాచుకుంటుందండి," అంది సత్యవేణి. "మేం చివరి దెబ్బ నుంచి మొదలుపెట్టి పుట్టిన రోజు దాకా వెనక్కి చదువుతాం. ఒక్కటే చిక్కు. చదవాలంటే ఆ అమరికని కదపాల. చదివిన మేరకి చెరిగిపోతుంది. ఈ తాళంచెవికి ఇప్పుడు ఏ కథా లేదు. మీ పట్టీని కూడా ఒక్కసారే చదవగలం. తర్వాత ఏ కోర్టు అడిగినా అందులో ఏమీ ఉండదు, మా దగ్గర రాసిపెట్టిందే సాక్ష్యం."

ఆ రాసిపెట్టింది ఎవరిదన్న విషయం కూడా ఆవిడ ముందే చెప్పింది. రుసుము కట్టి యంత్రం వాడుకునే కంపెనీలు ఫలితాన్ని తమ దగ్గరే దాచుకోవచ్చు. ఉచితంగా వాడుకునేవాళ్ళ ఫలితం మాత్రం దేశంలో ఎవరైనా చదువుకునేలా బయటపెట్టాలి. జనం డబ్బుతో కట్టిన కేంద్రం కాబట్టి పెట్టిన నియమం అది. నివేదిక మీద సంతకం పడేలోపు ఉచితం వద్దనుకుని రుసుము కట్టేసే వీలు కూడా ఉంది.

"మాకు దాచుకునేదేం లేదు," అన్నాడు మీరా.

* * *

పట్టీని చదవడానికి రెండు పగళ్ళు పడతాయన్నారు. మొదటి రోజు మధ్యాహ్నం తండ్రీ కూతుళ్ళు క్యాంటీన్‌లో భోజనానికి కూర్చున్నారు. ఒకే పొడవాటి బల్ల మీద రకరకాల మనుషులు. హైదరాబాద్ మందుల కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు తమ మాత్ర కడుపులో ఎందుకు తొందరగా కరగడం లేదో చూడటానికి వచ్చారు. బ్యాటరీలు చేసే ఒకాయన, కరెంటు ఎక్కుతుండగానే బ్యాటరీ లోపల ఏం జరుగుతుందో జన్మలో మొదటిసారి కళ్ళతో చూశానని సాంబారు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెబుతున్నాడు. భీమవరం నుంచి రొయ్యల మేత చేసే కుర్రాళ్ళు ముగ్గురు తమ వంతు కోసం వారం నుంచి కాచుకుని ఉన్నారు.

మీరా కిటికీలోంచి కనిపిస్తున్న పెద్ద గుండ్రటి కట్టడాన్ని చాలాసేపు చూశాడు. "ఇంత పెద్దది ఎవరిదమ్మా?" అని ఎదురుగా భోజనానికి కూర్చున్న సత్యవేణిని అడిగాడు.

"మీదే."

"ఎగతాళి కాదు, అడుగుతున్నా."

"నేనూ ఎగతాళికి అన్లేదు మీరా గారూ. మీరు యాభై ఏళ్ళు సబ్బు కొన్నారు, డీజిలు కొన్నారు. దాని మీద పన్ను కట్టారు కదా. దీనిలో ఒక ఇటుక మీదే."

ముసలాయన నవ్వాడు. మూడేళ్ళలో తండ్రి అలా నవ్వడం జైబున్ చూడలేదు. ఆ తర్వాత భోజనం చేస్తున్నంతసేపూ ఆయన మందుల కంపెనీ పిల్లల్ని ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. మాత్రకి కూడా ఉక్కులాగే పదును ఉంటుందని తెలిసి తెగ ఆశ్చర్యపోయాడు.

* * *

రెండో రోజు సాయంత్రం నాలుగింటికి సత్యవేణి వాళ్ళని లోపలికి పిలిచింది. ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"చివరి నుంచి చెప్తాను," అంది సత్యవేణి. "బస్సు పడకముందే పట్టీ విరిగింది. అది ఖాయం. విరిగినప్పుడు బస్సు వేగం గంటకి ఇరవై రెండు కిలోమీటర్లు. ఘాట్‌లో అంతకంటే నెమ్మదిగా ఎవరూ తోలరు. విరిగాక డ్రైవరు నాలుగు సెకన్లు బ్రేకు తొక్కి పట్టాడు. బరువు కూడా పరిమితిలోనే ఉంది."

"అంటే..." అంది జైబున్.

"ఇంకా వెనక్కి వెళ్తే రెండేళ్ళ గుంతలు. అవేవీ పట్టీని విరగ్గొట్టేవి కావు. ఇంకా వెనక్కి వెళ్తే మీ కొలిమి. ఎనిమిది వందల డెబ్భై డిగ్రీలు ఉండాల్సిన వేడి తొమ్మిది వందల అరవై దాటింది. లోపలి రేణువులు ఉబ్బిపోయాయి. గాజులా పెళుసైపోయింది. మీ షెడ్డులో మీటరు ఉంది కదా, అది ఎలా తప్పిందో నాకు తెలీడం లేదు."

"మీటరు తప్పలేదు," అన్నాడు మీరా.

సత్యవేణి తెర వదిలి ఆయన వైపు తిరిగింది.

"మీటరు ఎనిమిది వందల డెబ్భై అంటంది. నా కంటికి ఉక్కు ఇంకా మసగ్గా కనపడతంది. నారింజ పండు రంగు రావాలి, రాలేదు. మీటరే చెడిపోయిందనుకుని దాని ముల్లు తిప్పి నా కంటికి సరిచేశా." ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల వైపు చూస్తూ మాట్లాడాడు. "ఆ పట్టీలు చేసిన పైఏడు కళ్ళాసుపత్రికి పోతే రెండు కళ్ళల్లోనూ శుక్లాలన్నారు. ముదిరిపోయినయ్యి, ఎన్నాళ్ళ నుంచి ఉన్నయ్యి అనడిగారు. ఆపరేషనయ్యి కట్టు విప్పాక బట్టీ వైపు చూశా. కళ్ళు చెదిరిపోయినయ్యి. అప్పుడే అర్థమైంది. ముల్లు మళ్ళీ వెనక్కి తిప్పేశా. నువ్వడిగితే చెప్పేవాణ్ణేమో జైబూ. నువ్వడగలా, నేను చెప్పలా."

తండ్రి కన్ను తప్పు చెప్పగలదన్న ఆలోచన మూడేళ్ళలో ఒక్కసారి కూడా జైబున్‌కి రాలేదు.

"ఇక్కడికి రావద్దని ఎందుకు అనలేదు నాన్నా?" అని అడిగింది.

"డ్రైవరు మీదో రోడ్డు మీదో తేలుతుందేమోనని ఆశ. ఆ ఆశతోనే వచ్చా."

* * *

మర్నాడు ఉదయం అతిథి గృహం వరండాలోకి విశ్వేశ్వర్ వచ్చాడు. మీరా పట్టీలు కొని బస్సులు కట్టే సుగమ్య కోచెస్ అనే కంపెనీకి ఆయన మేనేజరు. పట్టీ మీద అనుమానం ఉన్నా మీరాకి చిన్నచిన్న ఆర్డర్లు ఇస్తూ వచ్చినవాడు ఆయనొక్కడే. అందుకే జైబున్ ఫోన్ చేసి దాచకుండా చెప్పింది. ఆయన రాత్రి బండెక్కి వచ్చేశాడు.

"మీరా అన్నా, ఇంకా సంతకం పడలేదు కదా. రుసుము మా కంపెనీ కడుతుంది. నివేదిక మన దగ్గరే ఉంటుంది. ఆ నెలల్లో మీరు చేసిన పట్టీలన్నీ మాకే వచ్చాయి, మా బస్సుల కింద ఇంకా రెండు వందల పన్నెండు ఉన్నాయి. సర్వీసుకి వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటీ మార్చేస్తాం. ఆరు నెలల్లో అయిపోతుంది. మా దగ్గర ఆరు వందల మంది పనిచేస్తున్నారు. ఇది బయటికొస్తే వాళ్ళ గతేంటో ఆలోచించు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన కళ్ళలో నిద్రలేదు. జైబున్‌కి కూడా ఆ మాటలు విన్నకొద్దీ ఇదే మంచిదేమో అనిపించసాగింది. షెడ్డు నిలబడుతుంది. తండ్రి పేరు నిలబడుతుంది. పట్టీలు ఎలాగూ మారుస్తారు.

"ఆరు నెలలు," అన్నాడు మీరా. "ఈ ఆరు నెలలూ వాటి మీద జనం ఎక్కుతానే ఉంటారు."

"మూడేళ్ళుగా ఏం కాలేదు కదా అన్నా."

"ఒకటి అయ్యింది."

విశ్వేశ్వర్ తల దించుకున్నాడు.

"సరే, నువ్వు రాత్రికి రాత్రే అన్నీ మార్చేశావనుకుందాం," అన్నాడు మీరా. "ఆ డ్రైవరు సంగతేంటి? ఏసుపాదం. వాళ్ళావిడ విచారణకి వచ్చింది, నేను చూశా. మాట్లాడబోతే నోరు రాలా. ఇరవై రెండు కిలోమీటర్లు పోతన్నోణ్ణి వంద మీద పోయాడని ఊరంతా అంటంది. ఆ మాట ఈ ఇనుములో తప్ప ఇంకెక్కడా లేదు. ఇనుములోనూ చెరిగిపోయింది. ఇప్పుడు సత్యవేణమ్మ దగ్గరున్న కాగితంలోనే ఉంది. దాన్ని నువ్వు బీరువాలో పెడితే అతను ఎప్పటికీ అట్టాగే ఉండిపోతాడు."

మీరా జైబున్ వైపు తిరిగాడు. "షెడ్డు నీ పేరున ఉంది. నువ్వు వద్దంటే మానేస్తా."

జైబున్ లేచి తండ్రిని వెంటబెట్టుకుని సత్యవేణి గదికి వెళ్ళింది. బయటపెట్టే నివేదిక మీద మొదట ఆమె సంతకం పెట్టింది, తర్వాత మీరా పెట్టాడు. సంతకాలయ్యాక జైబున్ సత్యవేణిని ఒకటే కోరింది. "మేడమ్, ఇది తెలుగులో కూడా కావాలి. చదవాల్సిన వాళ్ళు తెలుగోళ్ళే."

విశ్వేశ్వర్ వరండాలోనే ఫోన్ తీసి ఎక్కడి బస్సులు అక్కడ ఆపమని చెప్పడం మొదలుపెట్టాడు. అలా చెప్పాలని ఆయన్ని ఎవరూ అడగలేదు.

* * *

రెండు వందల పన్నెండు పట్టీలనూ తొమ్మిది రోజుల్లో విప్పారు. నాలుగింటిలో అప్పటికే వెంట్రుకవాసి పగుళ్ళు ఉన్నాయి. ఆ నాలుగింటిలో ఒకటి కాలేజీ బస్సుది.

మీరా మీద కేసు నడిచింది. తనంత తాను బయటపెట్టుకున్నాడనీ, వయసు మీద పడిందనీ కోర్టు జైలుకి పంపలేదు. కొలిమి పని ఇక చేయకూడదని మాత్రం ఉత్తర్వు ఇచ్చింది. రెండు షెడ్లలో పెద్దది అమ్మి, ఆ డబ్బు కోర్టు ద్వారా తొమ్మిది ఇళ్ళకీ పంపారు. ఆ షెడ్డు తాళాలు కొన్నవాళ్ళకి అప్పగించిన రోజు మీరా అన్నం తినలేదు.

ఆ తర్వాతి సంగతి ఎవరూ ఊహించలేదు. నివేదిక చదివిన ఆటోనగర్ షెడ్ల వాళ్ళకు మీరాని తిట్టాలనిపించలేదు, భయమేసింది. వాళ్ళందరి కొలుముల దగ్గరా ఏదో ఒక పెద్దాయన కన్నే మీటరు. అరవై షెడ్లు కలిసి కేంద్రానికి అర్జీ పెట్టుకున్నాయి. సత్యవేణి తన మనుషులతో ఆటోనగర్ వచ్చి కూర్చుంది. ప్రతి కొలిమిలోంచీ ఒక పట్టీ తీసుకెళ్ళి వెనుచూపులో చదివి, ఆ కొలిమికి ఏ వేడి ఎంతసేపు సరిపోతుందో రాసిచ్చింది. ఎవరి చెయ్యీ తిప్పలేని చిన్న పరికరం ఒకటి తయారుచేసి కొలిమి తలుపులకు బిగించారు. మీరా కొలిమి ముట్టుకోకుండా, వెనక చేతులు కట్టుకుని షెడ్డు షెడ్డుకీ తిరిగి, తను ఎక్కడ ఎలా తప్పాడో చెప్పి వచ్చాడు. యాభై ఏళ్ళ కన్ను కూడా మోసం చేస్తుందని ఆయన నోటి నుంచే వినడంతో ముసలి మేస్త్రీలు పరికరానికి ఎదురు చెప్పలేదు.

రెండేళ్ళలో ఆటోనగర్ పట్టీలకి దేశం బయట కూడా గిరాకీ వచ్చింది. సుగమ్య కోచెస్ మూతపడలేదు. తప్పు దాచని కంపెనీ అని దానికే ఆర్డర్లు పెరిగాయి. జైబున్ చిన్న షెడ్డులో యాభై నలుగురు పనిచేస్తున్నారు.

* * *

కేంద్రం మీద జనం పెట్టిన డబ్బు తిరిగి జనానికి ఎంత వస్తోందో లెక్కగట్టడానికి ఇందుజ అనే అధ్యయన అధికారి ఒక బుధవారం ఉదయం జైబున్ షెడ్డుకి వచ్చింది. ఎన్ని పట్టీలు వెనక్కి రావడం తగ్గింది, ఎంత ఉక్కు మిగిలింది, ఎంతమందికి పని దొరికింది అని అడుగుతూ రాసుకుంటోంది. జైబున్ అన్నిటికీ ఉత్సాహంగా జవాబులు చెబుతోంది.

అప్పుడే తెల్లచీర కట్టుకున్న ఒకావిడ గుమ్మంలో నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. "మీరా షెడ్డు ఇదేనా?" అని అడిగింది.

గోడవార కుర్చీలో కూర్చున్న మీరా ఆవిడని చూసి లేచి నిలబడ్డాడు. విచారణ రోజున ఆయన చూసిన మనిషే. ఏసుపాదం భార్య కరుణమ్మ.

"డబ్బులొచ్చినయ్యి," అంది ఆవిడ ఎవరి ముఖమూ చూడకుండా. "దానికి రాలా. ఏదో కాయితం ఉందంట గదా, మా ఆయన తప్పు లేదని. డిపోలో చెప్పారు. అది నాక్కావాలి."

జైబున్ గబగబా లోపలికి వెళ్ళి తెలుగు నివేదిక తెచ్చింది. కరుణమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "నాకు చదువు రాదు," అని తిరిగి చాపింది. జైబున్ చెయ్యి చాచేలోపే మీరా దాన్ని అందుకున్నాడు.

ఆయన నిలబడే చదివాడు. "పట్టీ విరిగిన సమయంలో వాహన వేగం గంటకు ఇరవై రెండు కిలోమీటర్లు. విరిగిన తర్వాత వాహనాన్ని ఆపడానికి డ్రైవరు చివరి వరకూ ప్రయత్నించినట్టు ఆధారాలు ఉన్నాయి."

"ఆ ముక్క ఇంకోసారి చదవండి."

చదివాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ అడిగింది, మళ్ళీ చదివాడు. ఆ తర్వాత ఆగకుండా కింది వాక్యం కూడా చదివాడు. "పట్టీ విరగడానికి కారణం పదును పెట్టేటప్పుడు వేడి మితిమీరడం. ఆ పని చేసినవారు నూర్‌బాషా నాగుల్ మీరా."

"అది మీరేనా?"

"నేనేనమ్మా."

కరుణమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. షెడ్డులో సుత్తి చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగాయి.

"ఐదేళ్ళబట్టి మా ఊళ్ళో తలెత్తుకు తిరగలా నేను," అంది కరుణమ్మ. "ఈ కాయితం నేను తీసకపోయి చూపిస్తే ఎవరు నమ్ముతారు? ఆదివారం పొద్దున మా చర్చికి అందరూ వస్తారు. మీరొచ్చి చదవాలి. ఇప్పుడు చదివినట్టే, రెండు ముక్కలూ చదవాలి."

జైబున్ తండ్రి వైపు ఆందోళనగా చూసింది. ఆ తొమ్మిది మందిలో ఇంకో ఇద్దరిది కూడా ఆ ఊరే.

"వస్తానమ్మా," అన్నాడు మీరా.

ఆదివారం ఆయన ఒక్కడే వెళ్తానన్నా జైబున్ వినలేదు, వెంట వెళ్ళింది. చర్చి నిండిపోయి జనం బయట కూడా నిలబడ్డారు. మీరా ముందుకు వెళ్ళి, కాగితం విప్పి, గొంతు తగ్గించకుండా మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఏసుపాదం పేరు దగ్గర ఎంత గట్టిగా చదివాడో తన పేరు దగ్గరా అంతే గట్టిగా చదివాడు. చదవడం అయ్యాక కాగితం మడిచి, ఎవరేమన్నా వినడానికి అక్కడే నిలబడ్డాడు.

ముందు వరసలో ఒక పెద్దాయన లేచాడు. మీరా వైపు రాలేదు. నేరుగా కరుణమ్మ దగ్గరికి వెళ్ళి ఆమె ముందు చేతులు జోడించాడు. ఆయన వెనకే ఇంకొకరు లేచారు, ఆ తర్వాత వరసలు వరసలుగా అందరూ లేచారు.